లక్నవరంలో ఎన్ని రోజులు ఉండాలె? మూడు సార్లు పోయొచ్చినంక చెప్తున్న

ములుగు జిల్లాల గుట్టల నడుమ ఉన్న లక్నవరం చెరువు చూడ పోతున్నం అన్నా, ఒక్క రోజు సరిపోతదా లేకపోతే రెండు రాత్రులు బుక్ చేసుకోవాల్నా అని ఈ నెలలోనే నలుగురు అడిగిండ్రు. అందరికి ఫోన్‌లో చెప్పుడు కంటే ఒక్కసారి రాసి పెడితే అయిపోతది. మాది హనుమకొండ, నయీంనగర్ సైడు. ఇప్పటికి మూడు సార్లు పోయిన, మూడు రకాలుగ పోయిన, ఒకసారి పొద్దున పోయి సాయంత్రం వచ్చుడు, ఒకసారి ఒక్క రాత్రి, పోయిన డిసెంబర్‌లో అమ్మ బాపుతోని రెండు రాత్రులు.

మొదటిసారి ఆదివారం పోయినం, మా పెద్దమ్మ కొడుకులు, వదినలు, పిల్లలు కలిపి రెండు కార్లు. తొమ్మిదింటికి బయలుదేరి ములుగు దగ్గర గట్టమ్మ తల్లికి కొబ్బరికాయ కొట్టి, టీ తాగి, చల్వాయి దగ్గర లోపలికి మళ్ళి చెరువు కాడికి పోయేసరికి పదకొండున్నర దాటింది. పార్కింగ్‌కు జాగ లేదు. చెరువు మీది వేలాడే బ్రిడ్జి మీద ఫొటోల కోసం ఆగినోళ్ళ వెనక ఆగుకుంట ఆగుకుంట పోవాలె, బోటుకు గంట లైను, తినడానికి ఇంకో అర్ధగంట, పిల్లలు ఎండకు ఏడుపు. నాలుగింటికి మళ్ళ బండి ఎక్కినం. రానుపోను నాలుగు గంటల డ్రైవింగ్, చెరువు కాడ ఉన్నది నాలుగున్నర గంటలు, అండ్ల ప్రశాంతంగ నీళ్ళ దిక్కు చూసింది పది నిమిషాలు కూడా ఉండదు. గుట్టల నడుమ ఇంత పెద్ద చెరువు పెట్టుకొని మనం దాన్ని చూడకుండనే వచ్చినమే అని ఇంటికొచ్చినంక బాధ అనిపించింది, నిజంగ.

రెండోసారి నేను, మా ఆవిడ ఇద్దరమే, నవంబర్‌లో ఒక మంగళవారం. కావాలని లేటుగ పోయినం, మూడింటికి చేరుకున్నం. అప్పటికి కూడా జనం ఉన్నరు గని తక్కువ. వేలాడే బ్రిడ్జి ఎక్కినోళ్ళకు తెలుస్తది, నలుగురు నడిస్తే చాలు కాళ్ళ కింద సన్నగ ఊగుతనే ఉంటది, పగటి పూట ఆ ఊగుడు ఆగదు. ఐదున్నర అయినంక పొద్దుటి నుంచి వచ్చినోళ్ళ బండ్లు ఒక్కొక్కటే కదిలినయి, చీకటి పడే టైంకి మేము బ్రిడ్జి నడుమ నిలబడితే అది అసలు ఊగుతలేదు. అట్ల కదలకుండ నిలబడ్డ బ్రిడ్జిని నేను అప్పుడే మొదటిసారి చూసిన. గుట్టలు నల్లగ అయినంక కూడా నీళ్ళ మీద కొంచెం సేపు వెలుగు ఉండిపోతది, అది పోయేదాక ఇద్దరం ఏం మాట్లాడుకోలె.

తెల్లారి ఐదున్నరకే లేచినం. రెయిలింగ్ మీద చెయ్యి పెడితే మంచుకు అరచెయ్యి తడిసిపోయింది. నీళ్ళ మీదికెళ్ళి పొగమంచు లేస్తుంటే ఎదురుంగ ఉన్న ద్వీపం అడుగు భాగం కనపడదు, చెట్ల కొసలు మాత్రమే తేలుతున్నట్టు ఉంటయి. నీళ్ళల్ల నిలబడ్డ ఒక ఎండుమోడు మీద నీటికాకి రెండు రెక్కలు చాపుకొని ఆరబెట్టుకుంటుంది, మేము ఇరవై అడుగుల దూరంల ఉన్నా లేవలె. ఏడున్నరకు ఎండ వచ్చింది, మంచు పోయింది, ఎనిమిదిన్నర తొమ్మిదికల్లా మొదటి బండ్లు దిగుడు మొదలైనయి. అందుకే ఎన్ని రోజులు ఉండాలె అని ఎవరన్న అడిగితే నేను ముందు ఎన్ని పొద్దుగాళ్ళు కావాలె అని అడుగుత. ఒక సాయంత్రం, ఒక పొద్దుగాల, ఈ రెండింటికే అక్కడ రూం తీసుకునుడు. నడుమ పగలు రూంలో పడుకున్నా నష్టం లేదు.

ఇగ డిసెంబర్‌ది. ఇది అమ్మ బాపు కోసం. బాపుకు మోకాళ్ళ నొప్పులు, ఒక్క రాత్రి అంటే పోవుడు వచ్చుడు అలసటకే సరిపోతది అని రెండు రాత్రులు పెట్టుకున్నం. ఒక ట్రావెల్స్ ఆయన రెండు రాత్రులు మూడు రోజుల ప్యాకేజీ అని మాట్లాడి, మూడో రోజు బొగత జలపాతం కూడా చూపించి రాత్రికల్లా ఇంటి కాడ దింపుతా అన్నడు, డబ్బులు ముందే తీసుకున్నడు. తీరా మూడో రోజు డ్రైవర్ వచ్చి, సార్ నాకు సాయంత్రం ఇంకో కిరాయి ఉంది, బొగత కాదు అన్నడు. ఫోన్ చేస్తే ఎత్తలె, ఆ పైసలు ఇప్పటికీ ఇయ్యలె. పైసల కంటే ఎక్కువ, డిసెంబర్‌ల కూడా బొగత ఫుల్లుగ దుంకుతది అని పెద్దోళ్ళకు ఆశ పెట్టిన దానికి నాకు కోపం. బొగత చూడాలంటే వానాకాలమే, జులై నుంచి అక్టోబర్ దాక. పైగా అది పక్కనే లేదు, ఏటూరునాగారం దాటి ముల్లకట్ట కాడ గోదావరి బ్రిడ్జి ఎక్కి వాజేడు మండలం పోవాలె. దాని కోసం లక్నవరంలో ఒక రాత్రి పెంచుకోకుండ్రి, అది వేరే రోజు పని.

కని ఆ రెండు రాత్రులు వేస్ట్ అని మాత్రం అనను, ఎందుకంటే బాపు. మేమంత బ్రిడ్జి దిక్కు చూస్తుంటే ఆయన కట్ట దిక్కు చూస్తుండు. పుట్టినకాడికెళ్ళి చెరువు కింద ఎవుసం చేసిన మనిషి, ఆయనకు అది ముందు చెరువు, తర్వాత టూరిస్ట్ ప్లేసు. కాకతీయుల కాలంల, గణపతిదేవుని పాలనల కట్టిన చెరువు ఇది, 13వ శతాబ్దం. చుట్టూ ఉన్న గుట్టలే గోడలు, ఆ గుట్టల నడుమ సందులు ఉన్న కాడ మాత్రమే చిన్న చిన్న కట్టలు పోసి మూసిండ్రు. "అంత నీళ్ళకు ఇంతే కట్టనారా" అని బాపు ఒక్కటే మాట నాలుగు సార్లు అన్నడు. చెయ్యితోని గాలిల గీసి చూపించిండు నాకు, ఇగో ఈ గుట్ట, ఇగో ఆ గుట్ట, నడుమ ఇంత సందు, గంతే. ఆ చెరువు కింద ఇప్పటికీ వరి పారుతుంది, వచ్చేటప్పుడు రోడ్డు పొంటి నారుమడి చూసి ఆయన బండి ఆపించిండు.

ఈ ముచ్చట ఎందుకు చెప్తున్న అంటే, ఎన్ని రోజులు ఉండాలె అన్నది దీని మీదనే ఆధారపడి ఉంటది. ఇది పొలాలకు నీళ్ళిచ్చే చెరువు. వానలకు నిండుతది, నిండితే మత్తడి దుంకుతది, అంటే ఎక్కువైన నీళ్ళు అలుగు మీదికెళ్ళి పొర్లుతయి, యాసంగి (చలికాలం) పంటకు నీళ్ళు ఇడుస్తరు, ఇగ ఏప్రిల్ మే వచ్చేసరికి నీళ్ళు వెనక్కి పోయి ద్వీపాల చుట్టూ ఎర్రమట్టి తేలుతది, ఎండ కూడా గుట్టల నడుమ గట్టిగనే కొడ్తది. ఎండాకాలం అయితే రాత్రి ఉండుడు అవసరం లేదు, సాయంత్రం రెండు గంటలు చాలు. సెప్టెంబర్ నుంచి జనవరి దాక అయితే ఒక రాత్రికి తక్కువ ఉండకుండ్రి. నడి వానాకాలంల పోయేటోళ్ళు మాత్రం వార్తలు చూసుకొని కదలాలె, 2023 జులైలో ఇదే జిల్లాల లక్ష్మీదేవిపేటల ఒక్క రోజుల 649.8 మిల్లీమీటర్ల వాన పడ్డది, వాగులు పొంగితే ఈ దిక్కు రోడ్లు ఎట్ల ఉంటయో మనకు తెల్వంది కాదు.

రెండు రాత్రులు ఉంటే నడుమ రోజు రామప్ప గుడి పెట్టుకోవాలె, లేకపోతే పిల్లలకు బోరు కొడ్తది. మేము పొద్దున టిఫిన్ చేసి పోయి మధ్యాహ్నం రెండింటికి వాపస్ వచ్చినం. 1213ల రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021ల యునెస్కో గుర్తింపు వచ్చినంక జనం పెరిగిండ్రు గని వీక్‌డేల ఇప్పటికీ నెమ్మదిగ చూడొచ్చు. అమ్మ ఆ నల్లరాయి మదనికల (ఆడోళ్ళ శిల్పాలు) కాడ, ఒక బొమ్మ మెడల హారం నీడ కూడా రాయి మీద పడ్డది చూడు అని నన్ను పిలిచి మరీ చూపించింది. నీళ్ళల్ల తేలే ఇటుకలతోని గోపురం కట్టిండ్రు అంటే ఆమె నమ్మలె, గైడ్ చెప్పినంక నమ్మింది.

మూడో రోజు పొద్దుగాలకు మాత్రం నాకు చాలనిపించింది. ఆ రోజు మబ్బు పట్టింది, పొగమంచు లేదు, బోటు ఎక్కినం, కొర్రమట్ట చేప ఫ్రై తిన్నం, ఇగ కొత్తగ చూసేది ఏం లేకుండె. బాపు మాత్రం గట్టు మీద కూసొని లేవనే లేదు. అంటే ఇంట్ల పెద్దోళ్ళు ఉండి వాళ్ళకు ఊరికే కూసునుడు ఇష్టమైతే రెండు రాత్రులు, లేకపోతే ఒక్కటే. మూడు రాత్రులు ఎవరికీ చెప్పను.

హైదరాబాద్ నుంచి వచ్చేటోళ్ళకు 220 కిలోమీటర్ల దాక పడ్తది, ఒక్క రోజుల పోయి వచ్చే ఆలోచన అస్సలే పెట్టుకోకుండ్రి. పొద్దుగాలనే బయలుదేరి, ములుగు దాటినంక జంగాలపల్లి కాడ మళ్ళి రామప్ప చూసుకొని, మూడు నాలుగింటికి లక్నవరం చేరుకుంటే తెల్లారి మధ్యాహ్నం దాక ఉండి వాపస్ పోవచ్చు. దీనికి ఒక్క రాత్రి రూం ఖర్చు, రెండు ప్లేసులు అయిపోతయి. శని ఆదివారాలు వద్దు, మంగళ బుధ గురు అయితే మంచిగ ఉంటది. రూంలు ద్వీపం మీద ఉంటయి, 2024 చివర్ల మూడో ద్వీపం కూడా తెరిచిండ్రు, ఏది తీసుకున్నా ముందే ఆన్‌లైన్‌ల బుక్ చేసుకొని పోవాలె, అక్కడికి పోయినంక చూద్దాం అంటే కష్టం. మేడారం జాతర రెండేండ్లకొకసారి వస్తది కదా, ఆ నెల మాత్రం ఈ రోడ్డు మొత్తం అమ్మవార్లదే, దర్శనానికి పోతే పోండ్రి, లక్నవరంను దానికి కలపకుండ్రి. పైసలు ములుగులనే తీసి పెట్టుకోండ్రి, దోమల క్రీమ్, పెద్దోళ్ళ మందులు, చలికాలమైతే స్వెటర్ మర్చిపోవద్దు, పొద్దుగాల బ్రిడ్జి మీద గాలి చెవులల్ల కొడ్తది.

బాపు మొన్న మళ్ళ అడిగిండు, మత్తడి దుంకేటప్పుడు ఒకసారి చూపియ్యరా అని. సెప్టెంబర్‌ల చెరువు నిండిందని తెల్వంగనే ఒక మంగళవారం చూసి ఒక్క రాత్రికి బుక్ చేస్త, ఈసారి మా బండి మీదనే.