పేరు పెట్టి పలకరించే వాట్సాప్ మెసేజ్‌లు: రెండు బత్తాయి సీజన్లు వాడాక

నల్లగొండ చుట్టుపక్కల బత్తాయి రైతుల వాట్సాప్ గ్రూపు ఒకటి నడుపుతున్నాను. గ్రూపులో ఏం పెట్టినా గుడ్ మార్నింగ్ బొమ్మల కింద కొట్టుకుపోతుంది. అందుకే ఒక్కొక్కరికీ విడిగా, పేరుతో మెసేజ్ వెళ్లే పద్ధతికి మారాను.

మొదట వాడింది బ్రాడ్‌కాస్ట్ లిస్టు, అంటే ఒకే మెసేజ్ లిస్టులోని అందరికీ విడివిడిగా వెళ్లేది. పైసా ఖర్చు లేదు. కానీ ఒక లిస్టులో 256 మందే పడతారు, అదీ మన నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. మావాళ్లలో చాలామంది సేవ్ చేసుకోరు. బ్రౌజర్‌కు తగిలించుకుని బల్క్‌గా పంపే ఎక్స్‌టెన్షన్ల జోలికి మాత్రం పోవద్దు. అవి వాట్సాప్ నిబంధనలకు విరుద్ధం, నంబరుకే ఎసరు.

తర్వాత ఒక ఏజెన్సీ ద్వారా వాట్సాప్ బిజినెస్ ఏపీఐ (సాఫ్ట్‌వేర్‌తో మెసేజ్‌లు పంపుకునే వాట్సాప్ వారి దారి) తీసుకున్నాను. షీటులో పేరు, ఊరు, చెట్ల వయసు నింపితే టెంప్లేట్‌లోని, అంటే ముందే రాసిపెట్టిన మెసేజ్ నమూనాలోని ఖాళీల్లో అవే వచ్చి కూర్చుంటాయి. తమాషా అంతా పేర్ల దగ్గరే. టూలు మొదటి ముక్కను పేరనుకుంటుంది, మన దగ్గర మొదట వచ్చేది ఇంటిపేరాయె. ప్రొఫైల్ పేరు తీసుకోమంటే ఒకాయనకు “నమస్తే బన్నీ డాడీ గారు” అని పోయింది. షీటులో ‘పిలుపు’ అని వేరే కాలమ్ పెట్టి అన్నా, కాకా, అక్కా అని చేత్తో నింపడమే మందు. విసుగు పనే, కానీ అన్నిటికన్నా పనికొచ్చిన కాలమ్ అదే. టెంప్లేట్ ఖాళీతో మొదలుకాకూడదట, కాబట్టి పిలుపుకు ముందు నమస్తే తగిలించాల్సిందే.

“మీ తోట బాగుండాలి” అని పంపితే బొటనవేలు బొమ్మ వస్తుంది, అంతే. “నమస్తే కాకా, గుర్రంపోడు దిక్కు వానలు గట్టిగ పడ్డయట. ఆరేండ్ల చెట్లు కదా, మొదళ్లకాడ బంక కారుతుందా?” అని పంపితే ఫొటోలు, వాయిస్ మెసేజ్‌లు వచ్చాయి. రైతు జవాబిచ్చిన 24 గంటల్లోపు మనం మామూలుగా రాసుకోవచ్చు, దాటితే మళ్లీ డబ్బులు కట్టి టెంప్లేటే పంపాలి. అందుకే రోజుకు ఒక్క మండలానికే పంపుతాను. అందరికీ ఒకేసారి పంపడం మిషన్‌కు తేలికే, ఆ వాయిస్‌లన్నీ వినాల్సింది నేను కదా. “నువ్వే పంపినవా, మిషనా?” అని అడిగినవాళ్లకు మిషనే అని చెప్పేస్తాను. ఎవరూ ఏమీ అనుకోలేదు, జవాబు నా గొంతుతో వస్తే చాలు వాళ్లకు.

ఏజెన్సీ నెలసరి ఫీజు, వాట్సాప్ ఓనరు మెటా తీసుకునే మెసేజ్ చార్జీలు వేర్వేరు. పనిలేని నెలల్లోనూ ఫీజు కట్టాల్సిందే. రెండు వందల మంది లోపైతే నంబర్ సేవ్ చేయించుకుని బ్రాడ్‌కాస్ట్‌తోనే నెట్టుకురండి. ఇక రిపోర్టు దించుకుని ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగు పేర్లన్నీ పిచ్చి గుర్తులే. ఫీజుకు ఒకటి, దీనికి ఒకటి తగ్గించి ఈ ఏపీఐ పద్ధతికి ఐదుకు మూడు స్టార్లు ఇస్తున్నా.