హైదరాబాద్ నుంచి డాలస్‌కు: దుబాయి దారా, లండన్ దారా?

డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్లు ఇండియా టికెట్లు కొనేముందు తేల్చుకోవాల్సింది ఏ ఊరి మీదుగా వెళ్లాలన్నదే. దుబాయి, లండన్ దారులు రెండింటిలోనూ నేను ఏళ్లుగా తిరుగుతున్నాను. ఒంటరిగా వెళ్లాను, చంటిపిల్లతో వెళ్లాను, అమ్మానాన్నలను వెంటబెట్టుకుని వచ్చాను.

భూగోళం మీద హైదరాబాద్ నుంచి డాలస్‌కు అతి దగ్గరి దారి సుమారు 14,400 కిలోమీటర్లు. రెండు ఊళ్ల రేఖాంశాల మధ్య తేడా 175 డిగ్రీలకు పైనే కాబట్టి, ఆ దారి ఉత్తర ధ్రువానికి దగ్గరగా పోతుంది. కానీ నేరుగా వెళ్లే విమానం లేదు. దుబాయి మీదుగా 2,550, 12,900 కలిపి దాదాపు 15,450 కిలోమీటర్లు. లండన్ మీదుగా 7,750, 7,630 కలిపి దాదాపు 15,400. చుట్టూ తిరిగినా అదనంగా పడేది వెయ్యి కిలోమీటర్లే, రెండు దారుల మధ్య తేడా అయితే లేనట్టే. దూరం చూసి టికెట్ కొనడం అందుకే అనవసరం. ఆ దూరం ఎక్కడ రెండుగా విడిపోతుందో చూడాలి.

దుబాయి దారిలో మొదటి విమానం నాలుగు గంటల లోపే. రెండోది పదహారు గంటలు. ఒంటరిగా వెళ్లేటప్పుడు నాకు ఇదే ఇష్టం: భోజనం చేసి పడుకుంటే మధ్యలో ఎవరూ లేపరు. కానీ ఎకానమీలో వరుసకు పది సీట్లుండే ఆ విమానంలో, మోకాళ్ల నొప్పులున్న అమ్మకు పదకొండో గంట దాటాక ప్రతి నిమిషమూ కష్టమే. పాదాలు వాచి చెప్పులు పట్టలేదు. గుంటూరు నుంచి శంషాబాద్‌కు కారులో ఐదారు గంటలు కూర్చుని వచ్చిన మనిషి ఆమె. ఆ అలసట ఏ వెబ్‌సైటు చూపే ప్రయాణ సమయంలోనూ ఉండదు.

లండన్‌లో ప్రయాణం సరిగ్గా సగానికి విడిపోతుంది. ఇటు పది గంటల పైన, అటు పది గంటలు. మధ్యలో నడవవచ్చు, ముఖం కడుక్కుని కాళ్లు చాపుకోవచ్చు. మళ్లీ భద్రతా తనిఖీ ఉంటుంది కనుక రెండు విమానాల మధ్య కనీసం మూడు గంటలు ఉంచుకుంటాను. పెద్దవాళ్లకు వీల్‌చైర్ టికెట్‌తోపాటే అడగాలి, సహాయకులు వాళ్లను తనిఖీ దాటించి గేటు దాకా తీసుకెళ్తారు. మొత్తం సమయం కాస్త పెరిగినా పెద్దవాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఈ దారే.

తిరుగు ప్రయాణంలో బాగా ఎత్తులో పడమర నుంచి తూర్పుకు వీచే గాలులు తోడవుతాయి. డాలస్ నుంచి దుబాయికి గంటకు పైగా కలిసొస్తుంది, చలికాలంలో ఇంకా బాగా తెలుస్తుంది. తేదీల దగ్గర మాత్రం జాగ్రత్త. హైదరాబాద్‌లో పొద్దున బయలుదేరితే డాలస్‌లో అదే రోజు దిగవచ్చు. డాలస్ నుంచి లండన్ మీదుగా సాయంత్రం బయలుదేరితే హైదరాబాద్‌లో దిగేది ఎల్లుండి తెల్లవారుజామున. పెళ్లి ముహూర్తానికి వచ్చేవాళ్లు దీన్ని లెక్కలో పెట్టుకుని, ఇంకో రోజు ముందే బయలుదేరండి.