రాబందు ఎముక పిల్లనగ్రోవి నమూనా: కొనవచ్చు, కరపత్రాన్ని మాత్రం నమ్మవద్దు

జర్మనీలోని హోలె ఫెల్స్ గుహలో 2008లో దొరికిన రాబందు ఎముక పిల్లనగ్రోవికి నమూనాగా ఆన్‌లైన్‌లో అమ్ముతున్న వాయిద్యాన్ని ఇటీవల విజయనగరానికి తెప్పించుకున్నాను. తవ్వకాల్లో బయటపడిన వస్తువుల ద్వారా ప్రాచీనుల సంగీతాన్ని తెలుసుకోవాలనుకునేవారికి ఇది ఎంతవరకు ఉపయోగపడుతుందన్నదే ఇక్కడ నేను పరిశీలించిన విషయం.

పనితనం మెచ్చుకోదగినది. త్రీడీ ప్రింటర్‌పై రెజిన్‌తో చేసినదే అయినా, వేలికి అందే అయిదు రంధ్రాలూ, వాటి పక్కన ఉన్న సన్నని గీతలూ స్పష్టంగా వచ్చాయి. రంధ్రాలు ఎక్కడ పడాలో కొలిచి పెట్టుకున్న గుర్తులుగా పరిశోధకులు ఆ గీతలను భావిస్తున్నారు. అంటే దాదాపు 40,000 ఏళ్ల క్రితం ఆ ఎముకను తొలిచిన మనిషి తోచినచోట తొలవలేదు. పుస్తకంలోని బొమ్మలో కంటికి ఆనని ఈ వివరాన్ని వేలితో తడిమి చూడగలగడమే, నా దృష్టిలో, ఈ నమూనాకున్న అసలు విలువ.

దీన్ని వాయించడం సులువు కాదు. మన వేణువులా అడ్డంగా పట్టుకునేది కాదిది. పై కొసన చెక్కిన గంటు అంచుకు గాలి సరైన కోణంలో తగలాలి. మురళి నేర్చుకుంటున్న మా మేనకోడలు కూడా కొంతసేపు ఉత్త గాలి శబ్దంతోనే సరిపెట్టుకోవలసి వచ్చింది. పట్టు చిక్కాక మాత్రం ఆమె అందులో మోహన రాగ ఛాయలు వెతకడం మొదలుపెట్టింది. 1919 నుంచి సంగీత కళాశాల ఉన్న ఊరిలో అంతకన్నా ఏం ఆశిస్తాం!

చిక్కంతా అక్కడే ఉంది. ఊదే కోణం కాస్త మారితే ఈ వాయిద్యంలో శ్రుతి మారుతుంది కనుక, శిక్షణ పొందిన చెవి తనకు తెలిసిన స్వరం వైపే దాన్ని లాగుతుంది. అంతకన్నా ముఖ్యంగా, అసలు వాయిద్యం అయిదో రంధ్రం దగ్గరే విరిగిపోయింది, మిగిలినది 21.8 సెంటీమీటర్లు మాత్రమే. అన్ని రంధ్రాలూ మూసినప్పుడు పలికే మంద్రస్వరం పూర్తి పొడవును బట్టి ఉంటుంది. ఆ పొడవేమో తయారీదారు అంచనా. అయినా పెట్టెలోని కరపత్రం ఇవి నలభై వేల ఏళ్ల నాటి స్వరాలేనని నిస్సంకోచంగా ప్రకటించింది. ఏ భాగం దొరికినదో, ఏ భాగం ఊహించి చేర్చినదో రంగు తేడాతోనైనా చూపించి ఉండవలసింది.

చైనాలోని జియాహులో దొరికిన కొంగ ఎముక పిల్లనగ్రోవికి నమూనా చేసి ఉంటే ఈ ఇబ్బంది చాలావరకు తప్పేది. దాదాపు ఎనిమిది తొమ్మిది వేల ఏళ్ల నాటి ఆ వాయిద్యాలలో చెక్కుచెదరని ఒకదాన్ని పరిశోధకులు వాయించి, స్వరాలను కొలిచి, 1999లో ఫలితాలు ప్రచురించారు. దాని ఏడో రంధ్రం పక్కన శ్రుతి సరిచేయడానికి తొలిచినట్లున్న చిన్న బెజ్జం కూడా ఉంది. ఆనాటి చెవి ఏది సరైన స్వరమనుకున్నదో అంత సూటిగా చెప్పే ఆధారం హోలె ఫెల్స్ ఎముకలో లేదు.

ధర రూ. 1,800, తపాలా ఖర్చు అదనం. చరిత్ర బోధించే ఉపాధ్యాయులు నిస్సందేహంగా కొనవచ్చు. తరగతిలో చేతులు మారేటప్పుడు గోరువెచ్చని నీటితో కడిగితే చాలు, మరిగే నీటిలో వేస్తే వంకర తిరుగుతుంది. స్వరస్థానాలను కొలిచే ఉద్దేశంతో కొనేవారికి మాత్రం నేను దీన్ని సూచించను.