గ్లాస్గోలో పొద్దుండగానే తినెయ్యాలి

స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో మొదటి రోజు రాత్రి మేం దాదాపు పస్తున్నాం. రాత్రి అంటున్నాను గానీ బయట ఇంకా ఎండ కాస్తూనే ఉంది. జూన్‌లో అక్కడ పొద్దు గుంకేసరికి పది దాటుతుంది. ఆ వెలుతురు చూసి ఏ ఆరో అయ్యుంటుందనుకుని కెల్విన్‌గ్రోవ్ పార్కులో తీరిగ్గా తిరిగాం. తొమ్మిదింపావుకి ఒక పబ్బులో అడుగుపెడితే కిచెన్ కట్టేశామన్నారు. పక్క పబ్బులోనూ అదే మాట. బారు మాత్రం అర్ధరాత్రి దాకా తెరిచే ఉంటుందట. తాగడానికి ఎంతైనా పోస్తారు, తినడానికి మాత్రం ప్యాకెట్ చిప్సే గతి. చేసేది లేక గదికొచ్చి అటుకుల్లో మాగాయ కలుపుకుని తిన్నాం.

ఆ దెబ్బతో మర్నాటి నుంచి లెక్క మార్చాం. మధ్యాహ్నం గట్టిగా తినడం, రాత్రికి తేలిగ్గా గదిలోనే ఏదో ఒకటి చేసుకోవడం. మధ్యాహ్నం ధరలు కూడా చాలాచోట్ల తక్కువ. ఎనిమిది రోజులూ అలాగే గడిపాం, మళ్ళీ వెళ్ళినా అలాగే చేస్తాం.

మా సంగతి కాస్త చెప్పాలి. మా ఆయన అన్నీ తింటారు, సాయంత్రం పూట ఓ పెగ్గు పుచ్చుకుంటారు. నేను శాకాహారిని. గుడ్డు కేకులో కలిసిపోతే కళ్ళు మూసుకుంటాను, విడిగా మాత్రం ముట్టను. మా అక్క కొడుకు అక్కడ ఎమ్మెస్సీ చదువుతున్నాడు. 2024 జూన్‌లో వాడి దగ్గరికని వెళ్ళాం. వాడుండేది నలుగురు కుర్రాళ్ళ ఫ్లాట్ కాబట్టి మా బస వేరే చూసుకున్నాం.

సెంట్రల్ స్టేషన్ దగ్గర హోటలా, వెస్టెండ్‌లో చిన్న వంటగది ఉన్న అపార్ట్‌మెంటా అని చాలా ఆలోచించాం. హోటల్లో పొద్దున టిఫిన్ కలిపే ఇస్తారు గానీ నాలాంటివాళ్ళకి అందులో దక్కేది టోస్టు, టమాటా, బీన్సు. అపార్ట్‌మెంటే నయమనిపించింది, అదే మంచిదైంది. ఒక్కటే తంటా. పప్పుకి పోపు పెట్టగానే పొగ అలారం కేకలు మొదలెట్టింది. కిటికీ తెరిచి, నూనె తక్కువ మంట మీద కాచి, మూత చేత్తో పట్టుకుని ఆవాలు వేయడం మూడోరోజుకి అలవాటైంది.

వెళ్ళేవాళ్ళకి ఇంకో మాట. ఊరగాయలు పట్టుకెళ్ళచ్చు, నెయ్యి పనికిరాదు. ఇండియా నుంచి పాలతో చేసినవి, మాంసంతో చేసినవి బ్రిటన్‌లోకి తీసుకెళ్ళనివ్వరు. మా అక్క కొడుక్కని వెన్న కాచి పోసిచ్చిన సీసా, వాడి ఫోను పుణ్యమా అని హైదరాబాదులోనే ఆగిపోయింది. బియ్యం, కందిపప్పు, కరివేపాకు కోసం బెంగ అక్కర్లేదు. వుడ్‌లాండ్స్ రోడ్డు వైపు గానీ, నదికి దక్షిణాన ఆల్బర్ట్ డ్రైవ్ వైపు గానీ వెళ్తే మన సరుకుల కొట్లు ఉన్నాయి.

అక్కడ నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది నీళ్ళు. కందిపప్పు మా ఇంట్లో కంటే ముందే మెత్తగా ఉడికిపోయింది. టీ కూడా తేటగా, రంగు తేలి వచ్చింది. కుళాయిలో వచ్చేది కాట్రిన్ సరస్సు నీళ్ళు, చాలా మెత్తని నీళ్ళు, అంటే సున్నంలాంటి ఖనిజాలు తక్కువన్నమాట. 1832 నుంచి ఊరిని కలరా మళ్ళీ మళ్ళీ చుట్టబెడుతుంటే, ఉత్తరాన కొండల్లో ఉన్న ఆ సరస్సు నుంచి పల్లానికి వాటంతటవే పారేలా కాలువ తవ్వి తెచ్చారు. 1859లో విక్టోరియా రాణి ప్రారంభించింది. దాని గుర్తుగా కట్టిన ఫౌంటెన్ కెల్విన్‌గ్రోవ్ పార్కులో ఉంది. మేం ఆకలితో తిరిగిన రాత్రి దాని పక్కనుంచే నడిచాం, అప్పుడు తెలీదు. సీసా నీళ్ళు కొనడం దండగ. ఏ రెస్టారెంట్లోనైనా ‘ట్యాప్ వాటర్’ అనడిగితే జగ్గు తెచ్చి పెడతారు, డబ్బులుండవు. అడక్కపోతే సీసా తెస్తారు, బిల్లులో వేస్తారు.

మధ్యాహ్నం తిన్నవాటిలో నా మనసుకి నచ్చింది ఒరాన్ మోర్. బైర్స్ రోడ్డు చివర ఒకప్పటి చర్చి, ఇప్పుడు బారూ రెస్టారెంటూ. 2004 నుంచి అక్కడ ‘ఎ ప్లే, ఎ పై అండ్ ఎ పింట్’ అని నడుపుతున్నారు. మధ్యాహ్నం ఒంటిగంటకి గంటలోపు నాటకం, అదే టికెట్టులో ఒక ‘పై’ (పిండి లోపల కూర పెట్టి బేక్ చేసేది), ఒక గ్లాసు తాగడానికి. వారానికో కొత్త నాటకం. పింట్ అంటే బీరే పుచ్చుకోవాలని లేదు, నేను జ్యూస్ తీసుకున్నా. శాకాహారం పై కూడా ఉంది. స్కాట్లండ్ యాసలో సగం మాటలు అర్థం కాలేదు గానీ, పక్కనున్న పెద్దావిడ నవ్వినప్పుడల్లా నేనూ నవ్వాను. ఒడిలో పళ్ళెం పెట్టుకుని నాటకం చూడటం నాకు కొత్త. మా ఊళ్ళో పరిషత్తు నాటకాలకి పల్లీల పొట్లంతో కూర్చోవడం గుర్తొచ్చింది.

కెల్విన్‌గ్రోవ్ మ్యూజియంలో ఒంటిగంటకి పెద్ద ఆర్గాన్ వాయిస్తారు, లోపలికి టికెట్టు లేదు. అది విని, రోడ్డు దాటితే మదర్ ఇండియాస్ కెఫే. చిన్న చిన్న పళ్ళేల్లో ఇస్తారు కాబట్టి ముగ్గురం ఐదారు రకాలు పంచుకున్నాం. శనగల కూర ఒక్కటే రెండుసార్లు చెప్పించుకున్నాం. దోసె మీద మనసు పోతే కాండిల్‌రిగ్స్‌లో మేడమీద డఖిన్ అని ఉంది. వాళ్ళ వంటింట్లోకి గోధుమే రాదు, గోధుమ పడనివాళ్ళు నిశ్చింతగా తినచ్చు. ఇంకోచోట, పేరెందుకులెండి, ‘సౌత్ ఇండియన్’ బోర్డు చూసి వెళ్తే సాంబారు పానకంలా ఉంది. బిల్లులో పన్నెండున్నర శాతం సర్వీస్ చార్జీ కలిపేశారు. ఇష్టముంటేనే ఇచ్చేది కదా, తీసెయ్యమని చెప్పచ్చు. మా ఆయన మొహమాటపడ్డారు. నేను పడలేదు.

చికెన్ టిక్కా మసాలా ఈ ఊళ్ళోనే పుట్టిందంటారు. పార్క్ రోడ్డులో షీష్ మహల్ హోటల్ యజమాని అలీ అహ్మద్ అస్లాం చెప్పిన కథ ఇది. డెబ్బయ్యో దశకం మొదట్లో ఒక బస్సు డ్రైవరు చికెన్ పొడిపొడిగా ఉందని వెనక్కి పంపాడు. కడుపులో పుండుతో ఈయన అప్పుడు టమాటా సూపు తాగుతున్నారు. అందులోనే మసాలా కలిపి చికెన్ మీద పోసి పంపారు. 2009లో ఇక్కడి ఎంపీ ఒకాయన ఈ కూరకి గ్లాస్గో పేరు మీద గుర్తింపు ఇప్పించాలని పార్లమెంటులో ప్రయత్నించారు, కుదరలేదు. అస్లాం 2022 డిసెంబరులో పోయారు. కథ నిజమో కాదో గానీ, మా ఆయన ‘కారం లేదు’ అంటూనే గిన్నె ఖాళీ చేశారు.

హాగిస్ ఆయనకి ఇంకా నచ్చింది. గొర్రె గుండె, కాలేయం, ఊపిరితిత్తులు తరిగి, ఓట్సు, మిరియాలు కలిపి ఉడికించేది. ‘మన బోటి కూరకి దాయాదిలా ఉంది’ అన్నారు. పప్పులు, గింజలతో చేసే శాకాహార హాగిస్ కూడా పబ్బుల్లో దొరుకుతుంది. మెత్తటి ఆలూ, టర్నిప్ ముద్దలతో కలిపి పెడతారు. ఓట్సు, మిరియాల ఘాటు వల్ల నాకు కట్టెపొంగలి తిన్నట్టే అనిపించింది. పబ్బుల్లో నేను మొహమాటం లేకుండా రెండోసారి వడ్డించుకున్నది అదొక్కటే. హాగిస్‌తో పకోడీలు కూడా వేస్తారిక్కడ, గులాబీ రంగు చట్నీతో. పకోడీ అన్న మాటని ఈ ఊరు పూర్తిగా సొంతం చేసుకుంది.

శాకాహారులు రెండు విషయాలు తప్పకుండా అడగాలి. ఫిష్ అండ్ చిప్స్ కొట్లలో కొన్నిచోట్ల ఆవు కొవ్వులో వేయిస్తారు, ఆలుగడ్డ కదా అని తినేయకండి. గుడ్డు కూడా వద్దనుకునేవాళ్ళు ‘వెజిటేరియన్’ అంటే సరిపోదు, అక్కడ గుడ్డు అందులోకే వస్తుంది. ‘వీగన్’ అనాలి. అడిగితే ఎవరూ విసుక్కోలేదు, ఒకచోట వంటాయన్నే బయటికి పిలిచి కనుక్కున్నారు.

సోచీహాల్ వీధిలో విల్లో టీ రూమ్స్‌కి వెళ్ళాలా వద్దా అని అడిగితే, ఒక్కసారి వెళ్ళండి అంటాను, కడుపు నింపుకోవడానికి మాత్రం కాదు. 1903లో కేట్ క్రాన్‌స్టన్ అనే ఆవిడ కోసం ఆర్కిటెక్ట్ చార్లెస్ రెన్నీ మాకింటోష్ తీర్చిదిద్దింది. కుర్చీల నుంచి చెంచాల దాకా ఆయన ఆలోచనే. ఆ వీధి పేరులోనే విల్లో చెట్ల పచ్చిక అన్న అర్థం ఉందట. శాండ్‌విచ్‌లు, కేకులతో ఇచ్చే పూర్తి ఆఫ్టర్‌నూన్ టీ ఖరీదే. మేం టీ, స్కోను అనే చిన్న రొట్టె మాత్రం చెప్పి గంటసేపు కూర్చున్నాం. దానికంటే బైర్స్ రోడ్డులో 1918 నాటి యూనివర్సిటీ కెఫే మావాడికి ఇష్టం. ఇటలీ నుంచి వచ్చినవాళ్ళు పెట్టింది. ఇరుకు బల్లలు, ఐస్‌క్రీమ్, హడావుడి లేని మనుషులు.

సాయంత్రాలు మా ఆయనవి. హోప్ స్ట్రీట్‌లో పాట్ స్టిల్ అనే బారులో గోడ నిండా వందల రకాల విస్కీలు, పైవాటికి నిచ్చెనెక్కాలి. మొదటి గ్లాసు చూసి ‘ఇదేంటి, తీర్థం పోసినట్టు’ అన్నారు. అక్కడ కొలత 25 మిల్లీలీటర్లు, కొన్నిచోట్ల 35. మన 60 పెగ్గుకి అలవాటైన చెయ్యి కదా. ఏది తాగాలో తెలియదని నిజం చెప్పేస్తే కౌంటర్లో అబ్బాయి పొగ వాసన ఇష్టమా, తీపి ఇష్టమా అని రెండు ప్రశ్నలడిగి పోశాడు. పేరు గొప్పది అడగడం కంటే అదే నయం. చుక్క నీళ్ళు కలిపి తాగమన్నాడు, ఐస్ మాటెత్తలేదు.

నేను జన్మలో బారులో కూర్చోలేదు. బిడియపడుతూ వెళ్ళాను గానీ, పక్క బల్ల దగ్గర నాకంటే పెద్దావిడలు ముగ్గురు కబుర్లాడుకుంటున్నారు. మావాడు చెప్పిచ్చినట్టు ‘ఫ్రెష్ ఆరెంజ్ అండ్ లెమనేడ్’ అన్నాను. నారింజ రసంలో తీపి సోడా, హాయిగా ఉంది. పబ్బులో బల్ల దగ్గరికి ఎవరూ రారు. కౌంటర్ దగ్గరే చెప్పి, డబ్బులిచ్చి, గ్లాసు మనమే తెచ్చుకోవాలి. టిప్పు అక్కర్లేదు. నలుగురు వెళ్తే ఒక్కో విడత ఒక్కొక్కరు కొంటారు, తన వంతు ఎగ్గొట్టినవాణ్ణి మర్చిపోరట. కొట్లలో మద్యం రాత్రి పదింటికల్లా ఆపేస్తారు. వీధిలో సీసా విప్పితే జరిమానా.

ఐరన్ బ్రూ తాగకపోతే వీళ్ళు ఊరుకోరు. నారింజ రంగు సోడా, 1901 నుంచి ఉంది. 2018లో చక్కెర తగ్గిస్తున్నారని తెలిసి జనం పాతవి పెట్టెలకొద్దీ కొని దాచుకున్నారట. మా బడి ముందు బండి మీద అమ్మిన పిప్పరమెంట్లన్నీ కలిపి కరిగించినట్టుంది. సగం తాగి మావాడికిచ్చేశాను.

ఆఖరి రోజు ఆదివారం. ఊళ్ళో ఒకే వలయంగా పదిహేను స్టేషన్లతో తిరిగే బుల్లి సబ్‌వే, 1896 నాటిది, మేం వెళ్ళినప్పుడు ఆదివారం ఆరింటికే ఆగిపోయేది. హిల్‌హెడ్ స్టేషన్ గేటు మూసి ఉంది. ‘ఇప్పుడెలా పిన్నీ, రాత్రి భోజనం?’ అన్నాడు వాడు కంగారుగా. ‘మధ్యాహ్నం తిన్నాంగా, నడుద్దాం పద’ అన్నాను. దారిలో టాబ్లెట్ కొన్నాం. మాత్రలు కాదు, చక్కెర, వెన్న, చిక్కటి పాలతో చేసే మిఠాయి.

హైదరాబాదు వచ్చాక అక్క ఒక ముక్క నోట్లో వేసుకుని ‘పాకం ముదిరిన పాలకోవాలా ఉందే’ అంది. అంటూనే ఇంకోటి తీసుకుంది. మేం వదిలి వెళ్ళిన నెయ్యి సీసా మూత తీసి, ‘వాడు పప్పులోకి ఏం వేసుకుంటున్నాడే మరి?’ అనడిగింది.