ఎవరు ఊదినా ఒకే పిలుపు: కుక్క విజిల్‌తో మా అనుభవం

మేం వాడే ఆక్మీ కంపెనీ కుక్క విజిల్ 211.5 ఎలా ఉందని ఎవరు అడిగినా నేను ముందు దాని మీదున్న నంబరు గురించే చెబుతాను. అదే నంబరున్న విజిల్ ఏది కొన్నా ఒకే శ్రుతిలో మోగుతుంది. కొన్నేళ్లు వాడాక, దీనిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించింది అదే.

మేముండేది కోనసీమలో, కొబ్బరితోటలో ఇల్లు. మా లాబ్రడార్ సింబా నేను పిలిస్తే వచ్చేవాడు, మా ఆయన పిలిస్తే ఆలోచించుకుని వచ్చేవాడు. మామయ్యగారికి గొంతు ఆపరేషన్ అయ్యాక మాట పక్కగదికి కూడా వినిపించదు. సింబా అంటే ఆయనకి ప్రాణం. కానీ వాణ్ణి తోటలో వదలాలంటే మాలో ఒకరు వెంట ఉండాల్సిందే.

అందుకే ఈ విజిల్ తెచ్చాం. వాడికి అలవాటు చేసింది అందరూ చేసే పద్ధతిలోనే. ముందు ఇంట్లో టుట్ టుట్ టుట్ అని ఊది వెంటనే ఉడికించిన చికెన్ ముక్క పెట్టడం, తర్వాత పెరట్లో, ఆ తర్వాత 10 మీటర్ల తాడు కట్టి తోటలో. ఒక్క నియమం మాత్రం ఇంటిల్లిపాదీ గట్టిగా పట్టుకున్నాం. స్నానానికీ, మందు వేయడానికీ విజిల్ ఊదకూడదు. పరుగెత్తుకొచ్చాక ముక్క పెట్టి, చాలాసార్లు మళ్లీ ఆడుకోమని వదిలేసేవాళ్లం. అందుకే, వస్తే ఆట అయిపోతుందన్న అనుమానం వాడికి పుట్టలేదు.

పోయిన వర్షాకాలం తాడు తెగి విజిల్ కాలవలో పడిపోయింది. కొత్తది వచ్చేదాకా ఉంటుందని మా ఆయన ఊళ్లో దొరికిన ఆటల విజిల్ తెచ్చారు, లోపల గోళీ ఉండి గరగరలాడేది. సింబా తల తిప్పి చూసి మళ్లీ వాసన పట్టుకుంటూ వెళ్లిపోయాడు. తెలిసినవాళ్లు సైలెంట్ విజిల్, అంటే మనకి వినపడకుండా కుక్కకి వినపడేది, ఇచ్చారు. దాని మర కాస్త జరిగితే శ్రుతి మారిపోతుంది. మనిషి చెవికి 20,000 హెర్ట్జ్ దాటితే వినపడదు కాబట్టి మారిన సంగతి మనకి తెలియదు. సింబాకి అదీ కొత్త శబ్దమే.

చివరికి కొత్త 211.5 పార్శిల్ వచ్చింది. నేను వంటింట్లో ఉండగానే మామయ్యగారు డబ్బా విప్పి, విజిల్ పట్టుకుని పెరట్లోకి వెళ్లి ఊదేశారు. సింబా ఆ చివర కొబ్బరి డొక్కల కుప్ప దగ్గర ఉన్నాడు. ఒక్క పరుగున వచ్చి ఆయన కాళ్ల దగ్గర కూర్చున్నాడు! కొత్త విజిల్‌కి మళ్లీ నేర్పాల్సిన పనే పడలేదు. "నా మాట విన్నాడమ్మా" అన్నారు ఆయన, ఆ సన్నని గొంతుతోనే. ఇప్పుడు పొద్దున్నే సింబాని తోటలోకి తీసుకెళ్లేది ఆయనే.

ఎవరు ఊదినా ఒకటే అన్నాను గానీ, మామయ్యగారి ఊపిరికి శబ్దం అంత దూరం పోదు. గాలి ఎదురుగా ఉంటే ఇంకా తగ్గుతుంది. అందుకే ఆయన వాణ్ణి కంచె దాకా వెళ్లనివ్వరు. ముంగిస కనబడితే మాలో ఎవరు ఊదినా లాభం లేదు. అది బొరియలో దూరాకే వాడికి మేం గుర్తొస్తాం. దీపావళి రోజుల్లో అసలు విప్పం. టపాకాయకి బెదిరి పరిగెత్తే కుక్కని ఏ విజిల్ ఆపుతుందన్న నమ్మకమూ నాకు లేదు.

మాది చుట్టూ కంచె ఉన్న తోట, మా వాడు తిండి కోసం ఏదైనా చేసే లాబ్రడార్. తిండి మీద ఆశ లేని కుక్కకి ఇంత తేలిగ్గా అలవాటవుతుందని చెప్పలేను. రోడ్డు పక్క ఇల్లయితే గొలుసు తీయకండి, విజిల్ ఉన్నా సరే. ఇంట్లో ఒకరి కంటే ఎక్కువమంది కుక్కని పిలవాల్సి వస్తే మాత్రం ఒకే నంబరువి రెండు కొనండి. మా రెండోది ఇప్పుడు మామయ్యగారి చొక్కా జేబులోనే ఉంటుంది.