పులికాట్ గాలికి నిలబడే ట్రైపాడ్

నేను వాడుతున్నది నాలుగు సెక్షన్ల కాళ్లున్న కార్బన్ ఫైబర్ ట్రావెల్ ట్రైపాడ్, బరువు కిలోన్నర లోపే, మడిస్తే బ్యాక్‌ప్యాక్ పక్క జేబులో పడుతుంది. పులికాట్ సరస్సులో ఫ్లెమింగోలనీ నేలపట్టులో గూడబాతులనీ స్పాటింగ్ స్కోప్ (దూరంగా ఉన్న పక్షుల్ని దగ్గరగా చూపే చిన్న టెలిస్కోప్) పెట్టి చూడటానికి చాలా బాగుంది, కాకపోతే మధ్య కడ్డీ పైకి లేపకూడదు. లేపారా, 60 రెట్ల జూమ్‌లో ఆ సరస్సు గాలికి బొమ్మంతా వణికిపోయి పక్షి ముక్కెక్కడో కన్నెక్కడో తెలియదు. అందుకే డబ్బా మీద రాసిన గరిష్ఠ ఎత్తుని నమ్మకండి, కడ్డీ దించినప్పుడు ఐపీస్ మీ కంటి దాకా వస్తుందో లేదో కొట్లోనే నిలబెట్టి చూసుకోండి. "10 కిలోలు మోస్తుంది" అనేదీ అంతే. మోయడం వేరు, కదలకుండా పట్టుకోవడం వేరు.

దీంతో వచ్చిన బాల్ హెడ్, అంటే కెమెరాని ఎటైనా వంచేలా గుండు మీద తిరిగే పై భాగం, మాత్రం నాకు నచ్చలేదు. ఫొటోలకి సరే గానీ, ఎగిరే గుంపు వెంట స్కోప్ తిప్పుదామని కాస్త వదులు చేస్తే చాలు బరువుకి ముందుకి వాలిపోతుంది. కుదుపు లేకుండా మెత్తగా పక్కకీ పైకీ తిరిగే చిన్న ఫ్లూయిడ్ హెడ్ విడిగా కొని బిగించాక ప్రాణం హాయిగా ఉంది. ఆర్కా స్విస్ ప్లేట్ (కెమెరా కింద బిగించి హెడ్‌లోకి జార్చే, చాలా కంపెనీలు వాడే రకం పలక) పట్టేదే తీసుకోండి, కెమెరా, స్కోప్ మార్చుకోవడం తేలిక.

ఉప్పునీటి బురదలో పెట్టిన కాళ్లని ఇంటికి రాగానే మంచినీళ్లతో కడిగి, విప్పి ఆరబెట్టాలి, లేదంటే ఇసుక మరల్లో చేరి తిప్పినప్పుడల్లా కరకరమంటుంది. బైనాక్యులర్స్ మాత్రమే వాడేవాళ్లకి ఇంత ఖర్చు అక్కర్లేదు, బైనాక్యులర్స్‌ని ట్రైపాడ్‌కి బిగించే అడాప్టర్ వేసుకుంటే మామూలు అల్యూమినియందే చాలు.