నిమ్మ రమ్‌లో పులుపు ఉండదు: ఫ్లేవర్డ్ రమ్‌లతో మూడు వేసవులు

నిమ్మ రమ్ సీసా మూత తీస్తే గదంతా నిమ్మతొక్క వాసన. నాలిక మీద వేసుకుంటే పులుపు చుక్కైనా తగలదు. ఫ్లేవర్డ్ రమ్ కొనేవాళ్లకి మొదట తెలియాల్సింది ఇదే. సీసాలో పండు వాసన ఉంటుంది, చాలా రకాల్లో కొంత పంచదారా ఉంటుంది. పులుపూ, రసమూ, ఘాటూ మనమే కలుపుకోవాలి. ఇది పట్టించుకోకుండా మామూలు రమ్ కొలతకే ఫ్లేవర్డ్ రమ్ పోసి చక్కెర పాకం కలిపేస్తే వచ్చేది కాక్‌టెయిల్ కాదు, దగ్గుమందు.

దక్షిణ ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, రాయగడ దుకాణాల్లో దొరికే సీసాలతో మూడు వేసవులు వాడి చూసిన మీదట రాస్తున్నది ఇది. చూసినవి అయిదు రకాలు: నిమ్మ, కొబ్బరి, మసాలా-వెనిల్లా, కాఫీ, మామిడి-మిరప.

సీసా ఇంటికి తేగానే చెయ్యాల్సిన పరీక్ష ఒకటుంది. ఒక చెంచాడు రమ్ సాసరులో పోసి ఫ్యాను కింద రాత్రంతా వదిలెయ్యండి. తెల్లారేసరికి సాసరు పొడిగా ఉంటే పంచదార లేనట్టే. వేలికి జిగురుగా అంటితే ఉన్నట్టు. అంటుకునే రకానికి పాకం సగానికి తగ్గించండి. కొబ్బరి రకాలు దాదాపు ఎప్పుడూ అంటుకుంటాయి. నిమ్మ రకాల్లో తేడాలుంటాయి.

తర్వాత చూడాల్సింది మద్యం శాతం. మన దగ్గర మామూలు రమ్ 42.8 శాతం. మాలిబు లాంటి కొబ్బరి రమ్ 21 శాతమే. అంటే 45 మి.లీ. మామూలు రమ్‌లో సుమారు 19 మి.లీ. అసలు మద్యం ఉంటే, అంతే కొబ్బరి రమ్‌లో తొమ్మిదిన్నర. అందుకే కొబ్బరి రమ్ ఒక్కటే పోస్తే గ్లాసు చప్పగా, తియ్యగా మిగులుతుంది. వాడగా వాడగా మాకు కుదిరిన లెక్క: వాసన కోసం ఫ్లేవర్డ్ 30, నిలబడ్డానికి మామూలు తెల్ల రమ్ 20 నుంచి 30 మి.లీ. ఫ్లేవర్డ్ సీసా రెట్టింపు రోజులు వస్తుంది కూడా.

కొలతకి జిగ్గర్ (మద్యం కొలిచే చిన్న గిన్నె) లేకపోతే దగ్గుమందు సీసా మీద వచ్చే గీతల మూత చాలు. 5, 10 మి.లీ. గీతలు వంటింటి చెంచా కన్నా నమ్మకం. షేకర్ బదులు స్క్రూ మూత ఉన్న స్టీలు డబ్బా వాడొచ్చు. గాజుసీసా వద్దు, ఐసు గట్టిగా తగిలితే పగులుతుంది. పన్నెండు నుంచి పదిహేను సెకన్లు కుదిపితే లోపలి గాలి చల్లబడి ముడుచుకుని మూత బిగుసుకుపోతుంది. లాగి కుస్తీ పట్టకుండా పక్కన అరచేత్తో ఒక్కటి చరిస్తే వదులుతుంది. సోడా మాత్రం ఎప్పుడూ డబ్బాలో కుదపకూడదు. గ్లాసులో చివర పోసేదే.

ఐసు గురించి ఎవరూ చెప్పరు. గోపాలపురం చేప ఉన్న ఫ్రీజరులో మూత లేని ట్రే పెడితే మోహితో (రమ్, నిమ్మ, పుదీనా, సోడా) గ్లాసులో చేప వాసన వస్తుంది, ఎంత ఖరీదైన రమ్ అయినా కాపాడలేదు. కాచి చల్లార్చిన నీళ్లు మూత ఉన్న డబ్బాలో గడ్డ కట్టించండి. చిన్న గిన్నెంత గడ్డ అయితే నెమ్మదిగా కరుగుతుంది. కరెంటు పోయి వచ్చి మళ్లీ గడ్డకట్టిన ఐసు ముక్కలు ఒకదానికొకటి అతుక్కుని, పైన తడి పట్టి ఉంటాయి. వాటితో కుదిపితే నీళ్లే ఎక్కువ.

నిమ్మ రమ్ (బకార్డి లిమోన్ తరహావి) అయిదింటిలోనూ ఎక్కువ పనికొచ్చేది. క్యూబాలో సాంటియాగో దగ్గరి ఊరి పేరు పెట్టుకున్న డైకిరి అనే కాక్‌టెయిల్‌కి కొలత: నిమ్మ రమ్ 30, తెల్ల రమ్ 30, కాగితపు నిమ్మ (పల్చ తొక్కది) రసం 25, పాకం 12 మి.లీ. మామూలు రమ్‌తో అయితే పాకం 20 పడుతుంది. పాకం అంటే బరువుకి బరువు, 200 గ్రాముల పంచదారకి 200 గ్రాముల నీళ్లు, కరిగేదాకా వేడి చేసి దించడమే. ఉడికించి తీగపాకం దాకా పోతే చల్లని గ్లాసులో అడుగున పేరుకుంటుంది. ఫ్రిజ్‌లో రెండు వారాలు ఆగుతుంది. ఎండాకాలం కాయలు ఎండి రసం తగ్గుతుంది కాబట్టి కాయల లెక్క కాదు, మి.లీ. లెక్క చూసుకోండి.

ఇక్కడ మనకున్న వరం గంధరాజ్ నిమ్మ. అన్నంలో, పఖాళలో (చద్దన్నం) పిండుకునేదే. రసం తక్కువ, తొక్కలో పరిమళం ఎక్కువ. రసం కాగితపు నిమ్మదే పోసి, గంధరాజ్ తొక్క చిన్న ముక్క గ్లాసు మీద వంచి నొక్కితే నూనె తుంపరగా పడుతుంది. సీసాలో వాసనకి ప్రాణం వచ్చినట్టు ఉంటుంది. తొక్క కింది తెల్లదనం రాకుండా కొయ్యాలి, చేదంతా అందులోనే. మోహితోకి పుదీనా ఎనిమిది పది ఆకులు పాకంలో మెత్తగా అదిమితే చాలు, రోట్లో పచ్చడిలా దంచితే పసరు దిగి చేదెక్కుతుంది.

కొబ్బరి రమ్‌తో చిక్కులు ఎక్కువ, అందుకే కాస్త విడిగా. కొబ్బరి, అనాస, రమ్ కలిపే పీన్యా కొలాడా ప్యూర్టోరికో వాళ్లది, 1978లో జాతీయ పానీయంగా ప్రకటించుకున్నారు. వాళ్లు వాడేది చక్కెర కలిపిన చిక్కటి కొబ్బరి క్రీము, విడిపోకుండా ఉండే పదార్థాలు వేసింది. మనం ఇంట్లో కొబ్బరి కోరి తీసిన తొలిపాలు పోసి ఐసుతో కుదిపితే తెల్ల పలుకులు తేలతాయి. పాలు విరిగాయనుకుని పారబోస్తారు. విరగలేదు. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల కిందికి వస్తే గడ్డకడుతుంది, ఆ పలుకులు అవే. విరుగుడు: కప్పు తొలిపాలకి నాలుగు చెంచాల పంచదార, చిటికెడు ఉప్పు వేసి గోరువెచ్చగా కరిగించి, ఐసుతో సహా మిక్సీలో తిప్పాలి, డబ్బాలో కుదపకూడదు. ఒక గ్లాసుకి కొబ్బరి రమ్ 30, తెల్ల రమ్ 30, ఈ తీపి పాలు 45, అనాస రసం 75, నిమ్మ 5 మి.లీ. రెండో పాలు వద్దు, పల్చన.

అనాస సంగతి మరొకటి. పచ్చి అనాసలో బ్రొమెలెయిన్ అనే ఎంజైము పాల ప్రోటీనుని తుంచేస్తుంది, కాసేపటికి చేదు. అందుచేత ఆవుపాలూ మీగడా పచ్చి అనాసతో కలపొద్దు. తప్పకపోతే రసాన్ని ఒక పొంగు రానిచ్చి చల్లార్చండి, ఎంజైము చచ్చిపోతుంది. కొబ్బరిపాలతో ఇంత బెడద లేదు, అయినా కలిపింది అప్పుడే తాగెయ్యాలి.

మసాలా-వెనిల్లా రమ్ కోలాలో పోసుకోడానికి పుట్టిందనుకుంటారు. కోలాలోనూ వెనిల్లా లాంటి తీపి వాసనే కాబట్టి రెండూ కలిసి మొద్దుగా అయిపోతాయి. మన పానకం దానికి సరైన జోడీ. బెల్లం 150 గ్రాములు, నీళ్లు 100 మి.లీ. కరిగించి గుడ్డలో వడకట్టాలి, ఇసుక తప్పక ఉంటుంది. కోరాపుట్ వైపు నుంచి వచ్చే అల్లం తురిమి రసం పిండి, పది నిమిషాలు కదపకుండా ఉంచితే అడుగున తెల్లటి పిండి దిగుతుంది. పైతేట మాత్రం వాడండి. మసాలా రమ్ 30, మామూలు నల్ల రమ్ 15, బెల్లం నీళ్లు 20, నిమ్మ 15, అల్లం రసం ఒక చెంచా, మిరియాల గుండ చిటికెడు. ఐసు వేసి 90 మి.లీ. సోడా గ్లాసు అంచు వెంబడి నెమ్మదిగా దించాలి, బెల్లం మీద ఎత్తి పోస్తే నురగ పొంగి బల్ల మీదికి వస్తుంది. శొంఠి గుండ వెయ్యకండి, కరగదు, గొంతులో గరగర. పొణా సంక్రాంతికి (ఒడియా కొత్త సంవత్సరం) చేసే మారేడు పానకంలో కూడా ఈ మసాలా రమ్ బాగుంటుందేమో అనిపిస్తుంది. బాగోదు, గుజ్జు జిగురుకి గ్లాసులో గంజిలా నిలబడిపోతుంది. ఇంట్లో పెద్దవాళ్ల చూపు సంగతి వేరే.

కాఫీ రమ్‌కి కోరాపుట్ అరాబికా ఉండగా ఇన్‌స్టంట్ పొడి దేనికి? చికోరీ లేని పొడి అని అడిగి తీసుకోండి, చికోరీ కలిస్తే అడుగున బురద. ముతకగా ఆడించిన 50 గ్రాములు 400 మి.లీ. చల్లని నీళ్లలో ఫ్రిజ్‌లో పధ్నాలుగు గంటలు నానబెట్టి వడకట్టాలి. కాఫీ రమ్ 30, నల్ల రమ్ 20, ఈ కాఫీ 40 మి.లీ. తీపి రమ్ అయితే పాకం అక్కర్లేదు. వేడి డికాక్షన్ పోస్తే ఐసు కరిగి గ్లాసు నీళ్లవుతుంది.

మామిడి-మిరప రకం మొదటి గ్లాసుకి సరదా, రెండో గ్లాసుకి గొంతులో మంట పేరుకుంటుంది. ఉడికించిన మామిడికాయ గుజ్జు రెండు చెంచాలు, నల్లుప్పు, వేయించిన జీలకర్ర గుండతో 30 మి.లీ. రమ్, 90 సోడా. కాయ తొడిమ దగ్గర సొన కడిగెయ్యకపోతే గొంతు గీరుతుంది, నింద మిరపకి పడుతుంది. దీన్ని మళ్లీ కొనాల్సిన పని లేదు. అరసీసా తెల్ల రమ్‌లో చీల్చిన పచ్చిమిరపకాయ ఒకటి వేసి ఇరవై నిమిషాలకి రుచి చూసి తీసేస్తే అదే పని జరుగుతుంది. రాత్రంతా వదిలేస్తే ఆ సీసా ఎవరూ తాగలేరు.

ఆ మాటకొస్తే నిమ్మ వాసనా ఇంట్లోనే దించొచ్చు. 375 మి.లీ. తెల్ల రమ్‌కి ఒక గంధరాజ్ తొక్క, మూత బిగించిన గాజుసీసాలో ఒక రోజు, ఎక్కువైతే ఒకటిన్నర. అంతకు మించితే చేదు. తొందరగా దిగుతుందని పొయ్యి మీద మాత్రం పెట్టొద్దు, రమ్ ఆవిరి అంటుకుంటుంది.

తియ్యగా ఉండే గ్లాసుల్లో ఎంత పోశామో నాలిక చెప్పదు, కాబట్టి పెగ్గులు కాగితం మీద రాసుకోండి. బండి నడపాల్సిన రోజు అసలు ముట్టొద్దు, చట్టం పరిమితి 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. మాత్రమే. ఇచ్ఛాపురం, పాతపట్నం, సాలూరు వైపు చుట్టాలకి సీసా పట్టుకెళ్లాలన్న సరదా కూడా మానుకోండి. లేబుల్ మీద ఒడిశాలో అమ్మకానికే అని ఉన్న సరుకు సరిహద్దు దాటితే ఎక్సైజు వాళ్లకి చెప్పడానికి మన దగ్గర జవాబు ఉండదు.

తెరిచిన సీసాల్లో నిమ్మ వాసన ముందు పోతుంది. మూడు నాలుగు నెలలకి సగం దిగిపోయి మందు వాసన మొదలవుతుంది, ఎండ తగిలే అలమరలో అయితే ఇంకా ముందే. సగం ఖాళీ అయిన సీసాని చిన్న సీసాలోకి నిండా మార్చి, మీద తెరిచిన తేదీ అంటించండి. మసాలా రకం ఏడాది దాటినా మారదు. కొబ్బరి రకం ఆరునెలల్లో ముగించెయ్యాలి, మీగడ కలిపిన రకాలైతే ఫ్రిజ్‌లోనే, సీసా మీద ఉన్న గడువు లోపు.